ఆపితే చెడదు, ఆపకుంటేనే చేటు

రాత్రి పడుకునే ముందు కంప్యూటర్ ఆపేయాలా, అలాగే వదిలేయాలా అని ధర్మవరంలోనో హిందూపురంలోనో ఎవరినైనా అడిగి చూడండి. "ఊరికే ఆపేది, వేసేది చేస్తా ఉంటే సిస్టమ్ చెడిపోతాదన్నా, ఆన్‌లోనే ఉండనీ" అంటారు. రిపేరు షాపు కుర్రాడు అదే అంటాడు. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు అదే అంటాడు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో మాట్లాడే కొడుకు ఇంకా ధీమాగా అంటాడు. రామగిరి మండలం పల్లెల దాకా పాకింది ఈ మాట. ఇంతమంది చెబుతున్నారు కదా అని, కంప్యూటర్ కొన్నవాళ్లు మానిటర్ ఒక్కటి ఆర్పి, గది తలుపు దగ్గరగా వేసి పడుకుంటున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నా సరే, నేను ఒప్పుకోను. ఎప్పుడో, ఎక్కడో నిజమైన మాట ఇది. ఇప్పుడు, ఇక్కడ అబద్ధం. మన రాయలసీమ ఇళ్లలో అయితే పూర్తిగా తలకిందులు: రాత్రంతా నడుస్తూ ఉండడమే ఆ యంత్రానికి ఆయుక్షీణం.

ఈ భయం పుట్టిల్లు తెలిస్తే సగం భ్రమ వదులుతుంది. 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌లో దగ్గర దగ్గర 18 వేల వాక్యూం ట్యూబులుండేవి. ట్యూబు ట్యూబుకీ ఎర్రగా కాలే ఫిలమెంటు. అవి పోవడం ఎక్కువగా వేడెక్కేటప్పుడో చల్లబడేటప్పుడో జరిగేది. అందుకని వీలైనంత వరకు దాన్ని ఆపకుండా ఉంచేవాళ్లు. ఆ కాలానికి అది తెలివైన పనే. పాత బుడ్డి బల్బు స్విచ్ వేసిన క్షణంలోనే టప్పుమని పోవడం మనందరికీ తెలుసు. అదీ ఫిలమెంటు జబ్బే. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగకు నిరోధం తక్కువ. తొలి క్షణంలో కరెంటు ఎక్కువగా దూసుకొచ్చి, అప్పటికే పలచబడిన చోట తీగను తెంపేస్తుంది. మీ కంప్యూటర్‌లో అలా కాలే తీగ ఒక్కటీ లేదు. స్విచ్ వేసినప్పుడు దూసుకొచ్చే కరెంటు ఉన్నమాట నిజమే. అది కొన్ని మిల్లీసెకన్ల ముచ్చట, దాన్ని అదుపు చేయడానికి పవర్ సప్లైలో థర్మిస్టర్ అనే చిన్న బిళ్ల పెట్టే ఉంటారు. రోగం పోయి అరవై ఏళ్లు దాటినా పథ్యం మాత్రం మిగిలిపోయింది.

కాస్త చదువుకున్నవాళ్లు ఇక్కడ ఇంకో వాదం తీస్తారు. వేడెక్కితే లోహం సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, రోజూ ఇలా జరిగితే సోల్డర్ అతుకులు పగుళ్లిస్తాయి అని. ఇది కొట్టిపారేసే వాదం కాదు, దీని వెనక నిజమైన ఇంజనీరింగ్ ఉంది. అయితే ఆ ఇంజనీరింగే ఇంకో మాట కూడా చెబుతుంది: నష్టం ఎంతన్నది వేడికీ చల్లదనానికీ మధ్య తేడా ఎంతన్నదాని మీద ఆధారపడుతుంది. చలికాలంలో పదిహేను డిగ్రీలకు దిగే గదిలో ఆపిన కంప్యూటర్ అరవై డిగ్రీలకు ఎక్కాలంటే నలభై అయిదు డిగ్రీల ప్రయాణం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై దాటుతుంది. ఎండకు కాగిన మిద్దె రాత్రి కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. ముప్పై రెండు డిగ్రీల గదిలో ఆపిన యంత్రం ముప్పై రెండు కంటే కిందికి దిగదు. ఆపకుండా ఖాళీగా వదిలేసిన యంత్రం నలభై రెండు దగ్గరో, నలభై అయిదు దగ్గరో నిలుస్తుంది. ఆ పది పదమూడు డిగ్రీల తేడా తప్పించడానికా రాత్రంతా కరెంటు కాల్చడం? పైగా ఆన్‌లో ఉంచితే వేడి స్థిరంగా ఉంటుందన్నది ఉత్త ఊహ. పిల్లవాడు సాయంత్రం ఆట మొదలుపెడితే ప్రాసెసర్ ఎనభైకి ఎక్కుతుంది, అన్నానికి లేస్తే యాభైకి దిగుతుంది. ఒక్క రోజులో ఇలా ఎన్నోసార్లు ఎక్కి దిగే చిప్పుకు, రాత్రి ఒక్కసారి పూర్తిగా చల్లబడడం గండమైపోతుందా?

హార్డ్ డిస్కు సంగతి లెక్క వేసే తేల్చుకోవచ్చు. ఇళ్లలో వాడే డిస్కులకు తయారీదార్లు మామూలుగా ఇచ్చే హామీ, 50,000 సార్లు ఆగి మొదలవడం. రోజుకొకసారి ఆపితే ఆ అంకె చేరడానికి నూట ముప్పై ఏడేళ్లు పడుతుంది. అదే కాగితాల్లో కొన్ని డెస్క్‌టాప్ డిస్కులకు ఇంకో అంకె కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు: ఏడాదికి 2,400 గంటల వాడకం అనుకుని దీన్ని రూపొందించాం అని. అంటే రోజుకు ఆరున్నర గంటలు. ఏడాదికి ఉన్నవి 8,760 గంటలు. ఎప్పటికీ దాటలేని హద్దుకు భయపడి, నాలుగో నెలలోనే దాటేసే హద్దును పట్టించుకోవడం లేదన్నమాట. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఈ బెంగ అసలే అక్కర్లేదు. అందులో తిరిగే భాగమే లేదు.

పవర్ సప్లైలోనూ మదర్‌బోర్డు మీదా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లది వేరే కథ. వాటి లోపల ఉండే ద్రవం వేడికి మెల్లగా ఆవిరవుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు వాడే మొరటు లెక్క. వేడి గది, దుమ్ము పట్టిన ఫ్యాను, గోడకు ఆనించి పెట్టిన కేబినెట్, పైన కప్పిన ఎంబ్రాయిడరీ గుడ్డ. ఇవన్నీ కలిపితే మన ఇంటి కంప్యూటర్. పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు చూపించి "ఇవి మార్చాలి సార్" అనే షాపువాడే, ఆన్‌లో ఉంచమని సలహా ఇస్తుంటాడు. రాత్రి వెచ్చదనం వెతుక్కుంటూ పవర్ సప్లైలో దూరి, తామూ పోయి బోర్డునూ తీసుకుపోయే బల్లుల సంగతి కూడా అతనికి మనకంటే బాగా తెలుసు.

"మరి గూగుల్ సర్వర్లు ఇరవై నాలుగు గంటలూ నడవట్లేదా?" అంటారు. నడుస్తాయి. రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు వాటిని ఏదో ఒకటి అడుగుతుంటారు కాబట్టి నడుస్తాయి. ఆపితే చెడిపోతాయని కాదు. వాటికి చల్లటి గాలి, వడగట్టిన గాలి, జనరేటర్లు, రాత్రి కాపలా ఉండే మనుషులు ఉంటారు. మీ కంప్యూటర్‌కు రాత్రి రెండింటికి తోడున్నది పక్కగది గోడమీది గడియారం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ చర్చ మన దగ్గరికి అమెరికా నుంచి దిగుమతి అయింది. అక్కడి కరెంటును మాత్రం ఎవరూ దిగుమతి చేయలేదు. రామగిరి పక్క పల్లెలో ఒక రాత్రి కరెంటు ఎలా నడుస్తుందో చూడండి. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ వోల్టేజీ కుంగుతుంది. అవన్నీ ఆగి, ఇళ్లలో టీవీలు కూడా ఆగాక, లైను మీద లోడు పడిపోయి వోల్టేజీ పైకి లేస్తుంది. అంటే మనం నిద్రలో ఉన్న వేళే సాకెట్‌లో ఎక్కువ వోల్టేజీ. గాలివాన వస్తే ఇంకా ఘోరం. కరెంటు ఒక్కసారిగా పోదు. పోతుంది, వస్తుంది, రెండు సెకన్లకు మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ఆపి వేస్తే చెడుతుందని భయపడ్డ మనిషి కంప్యూటర్ ఆ పది నిమిషాల్లో పదిసార్లు ఆరి వెలుగుతుంది, అదీ ఏ పద్ధతీ లేకుండా. అన్నిటికంటే ప్రమాదం, స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగడం. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ పోతే, మన 230 వోల్టుల ఇంట్లోకి మూడు వందలు, ఒక్కోసారి నాలుగు వందల దాకా వచ్చేయొచ్చు. మామూలు పవర్ సప్లైని అంత వోల్టేజీకి తట్టుకునేలా తయారుచేయరు. పగలైతే లైట్లు భగ్గుమనడం చూసి ఎవరో ఒకరు మెయిన్ ఆపేస్తారు. రాత్రి రెండు గంటలకు ఎవరు చూస్తారు?

"మాకు యూపీఎస్ ఉంది" అన్నది దీనికి వచ్చే జవాబు. ఇళ్లలో ఉండేది ఎక్కువగా 600 వీఏ యూపీఎస్. అందులో 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. కొత్తదైతే పావుగంట, ఇరవై నిమిషాలు నిలబెడుతుంది. రెండేళ్లు వాడినదైతే రెండు నిమిషాలు కీచుమంటుంది. దాన్ని తయారుచేసిందే మీరు ఫైలు సేవ్ చేసుకుని కంప్యూటర్‌ను పద్ధతిగా మూసుకోవడానికి వ్యవధి ఇవ్వడం కోసం. మీరు మంచం మీద ఉన్నారు. అది కాసేపు మొత్తుకుంటుంది, బ్యాటరీ అడుగంటుతుంది, నడుస్తున్న కంప్యూటర్ ఉన్నపళంగా చీకట్లోకి పడిపోతుంది. చవక యూపీఎస్‌లకు కంప్యూటర్‌కు సైగ చేసి దానంతటదే మూసుకునేలా చేసే కేబుల్ ఉండదు. ఇలా పూర్తిగా ఖాళీ అవడం లెడ్ యాసిడ్ బ్యాటరీకి విషం. ప్రతి రాత్రి కోతకూ యూపీఎస్ ఆయుష్షు కొంత తరుగుతుంది. కంప్యూటర్‌ను కాపాడదామని వదిలేసినవాడు మొదట పోగొట్టుకునేది యూపీఎస్ బ్యాటరీనే, తరవాత డిస్కులోని ఫైళ్లను.

ఇంతకీ ఆపితే చెడుతుందన్న నమ్మకానికి మన దగ్గర ఇంకో మూలం ఉందని నా అనుమానం. విండోస్‌ను షట్‌డౌన్ చేయకుండా నేరుగా గోడ స్విచ్ నొక్కేసేవాళ్లు చాలామంది. ఫ్యానుకూ లైటుకూ అలవాటైన చెయ్యి. అలా చేస్తే ఫైళ్లు చెడతాయి, మర్నాడు నీలం తెర వస్తుంది, కంప్యూటర్ షాపుకు వెళుతుంది. షాపువాడు "ఆఫ్ చేయద్దు సార్" అంటాడు. అనాల్సింది "అలా ఆఫ్ చేయద్దు" అని. ఆ ఒక్క 'అలా' దారిలో ఎక్కడో జారిపోయింది.

పిడుగుల గురించి సీమలో కొత్తగా చెప్పేదేముంది. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మనదొకటి, కానీ పడే ఆ కాస్త వాన ఉరుములూ మెరుపులతోనే ఎక్కువగా వస్తుంది. వేసవి సాయంత్రాల్లో మబ్బు లేచి, అర్ధరాత్రి దాకా ఉరుముతుంది. పిడుగు మన ఇంటి మీద పడక్కర్లేదు. కరెంటు లైను మీద దూరంగా పడ్డా ఆ తాకిడి తీగ వెంబడి వస్తుంది. చవక స్పైక్ బస్టర్లు దాన్ని ఆపవు. పేరుకు ఆపేవే, వాటి లోపలున్న చిన్న భాగం ఒకటి రెండు తాకిళ్లకే అయిపోయి, తరవాత ఎర్ర లైటు మాత్రం వెలుగుతూ ఉంటుంది. మన దేశంలో ఇళ్లు కట్టినవాళ్లు ఒక మేలు చేశారు: ప్రతి సాకెట్ పక్కనా ఒక స్విచ్ పెట్టారు. అమెరికా ఇళ్లలో సాధారణంగా ఆ స్విచ్ ఉండదు, ప్లగ్గు పీకాల్సిందే. మనకు సగం పని వేలితోనే పోతుంది. ఆ వేలు కూడా కదపకూడదని వాదిస్తున్నాం.

కరెంటు బిల్లు దగ్గరికి వద్దాం. డెస్క్‌టాప్ ఖాళీగా కూర్చుంటే సుమారు అరవై వాట్లు తాగుతుంది. రాత్రి పది గంటలంటే 0.6 యూనిట్లు, నెలకు 18 యూనిట్లు, ఏడాదికి 219. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం ఇంటి వాడకం 126 నుంచి 225 యూనిట్ల మధ్య ఉంటే యూనిట్ ఆరు రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. ఫ్రిజ్జూ, మిక్సీ, టీవీ, వేసవిలో కూలరూ ఉన్న ఇంటికి ఈ పద్దెనిమిది యూనిట్లు శ్లాబు పైఅంచులోనే చేరతాయి. నెలకు 108 రూపాయలు, లేదా 157 రూపాయల యాభై పైసలు. పాత వాడకం మీద సర్దుబాటు పేరుతో ట్రూ అప్ చార్జీలు వేస్తే అవి అదనం. ఆ ట్రూ అప్ గురించి టీకొట్టు దగ్గర గంటసేపు తిట్టే మనిషే, "కంప్యూటర్ ఎంత లాగుతుందిలే" అని తలుపేసుకుంటాడు.

"మన కొండమీదే గాలిమరలున్నాయి కదా, కరెంటు ఇక్కడే పుడుతోంది, రాత్రి వృథానే కదా" అనే చమత్కారం కూడా విన్నాను. రామగిరి కొండలమీద గాలిమరలు 1990ల నాటి నుంచి ఉన్నాయి. గాలి ఉన్నప్పుడు తిరుగుతాయి, చాలకపోతే ఆగుతాయి, మితిమీరినా ఆగుతాయి. వాటి కరెంటు ఆ కొండ దిగువ ఇళ్లకు విడిగా రాదు, గ్రిడ్‌లో కలుస్తుంది. ఎన్.పి.కుంట సోలార్ పార్కు పలకలు రాత్రి పనిచేయవు. గాలి పడిపోయిన రాత్రి గ్రిడ్‌ను ఎక్కువగా మోసేది బొగ్గే. మన బొగ్గుతో ఒక యూనిట్ తీయడానికి ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటుగా కాల్చాలి. 219 యూనిట్లంటే నూటయాభై కిలోల పైమాట. అంత బొగ్గు కాలేది, ఎవరూ చూడని ఒక తెర వెనక ఎవరికీ అక్కరలేని పని కోసం.

స్క్రీన్ సేవర్ పెట్టాం కదా అనేవాళ్లకు ఒక్క మాట. అది పాత గాజు మానిటర్ల తెర మీద మచ్చ పడకుండా కనిపెట్టింది. కరెంటు ఆదా చేయదు. చేపలు ఈదే రకమైతే ఇంకాస్త ఎక్కువే తింటుంది.

ఒకప్పుడు రాత్రి ఆన్‌లో ఉంచడానికి కారణం ఉండేది, కాదనను. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత డౌన్‌లోడ్ చేసినా లెక్క లేని రోజులున్నాయి. మన హాస్టళ్లలోనూ ఇళ్లలోనూ కంప్యూటర్లు తెల్లవార్లూ సినిమాలు లాగుతూ కూర్చున్నది అప్పుడే. వేరే దేశాల్లో సెటి ఎట్ హోమ్ అనే కార్యక్రమానికి, గ్రహాంతరవాసుల జాడ వెతికే లెక్కలకు, 1999 నుంచి 2020 దాకా లక్షలాది మంది తమ ఖాళీ కంప్యూటర్లను అరువిచ్చారు. ఆ అవసరాలు తీరిపోయాయి. ఇప్పుడు ఫైబర్ లైనులో సినిమా పగలే నిమిషాల్లో దిగుతుంది. కారణం పోయింది, అలవాటు మిగిలింది.

అప్‌డేట్లు రాత్రి వస్తాయి కదా అన్నది ఇంకో సాకు. విండోస్ తన సొంత పనులకు రాత్రి రెండు గంటలు ముహూర్తంగా పెట్టుకున్న మాట నిజమే. ఆ వేళకు కంప్యూటర్ ఆగి ఉంటే తరవాత ఖాళీ దొరికినప్పుడు ఆ పనులు చేసుకుంటుంది. ఏదీ తప్పిపోదు. భద్రత గురించి మాట్లాడేవాళ్లు 2017 మే 12ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. ఆ వైరస్ ఎవరూ ఏమీ నొక్కకపోయినా నెట్‌వర్క్ మీదుగా తనంతట తాను దూరగలిగేది. అప్‌డేట్ చాలావరకు రీస్టార్ట్ చేస్తేగానీ పనిలోకి రాదు. నెలల తరబడి రీస్టార్ట్ ఎరగని కంప్యూటర్ భద్రంగా ఉందనుకోవడం అమాయకత్వం. ఆగి ఉన్న కంప్యూటర్‌లోకి ఏ వైరస్సూ దూరలేదు.

స్లీప్‌లో పెడితే సరిపోదా? సగం సరిపోతుంది. స్లీప్‌లో రెండు మూడు వాట్లే ఖర్చవుతాయి, నెలకు యూనిట్ కూడా దాటదు. కానీ చేస్తున్న పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి కరెంటు పోతే అదీ పోతుంది. కరెంటు నిలకడగా ఉండే బెంగళూరు అపార్ట్‌మెంటులో స్లీప్ మంచి పద్ధతే. మన దగ్గర తెరిచిన పని అలాగే ఉండాలనుకుంటే హైబర్నేట్ వాడండి. అది అంతా డిస్కులో రాసి ఆగిపోతుంది. ఇంకో చిన్న సంగతి: 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ పేరుతో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని మర్నాడు తొందరగా లేస్తుంది. అందుకే వారానికోసారైనా రీస్టార్ట్ కూడా చేయాలి. పొద్దున్నే లేవడానికి చాలాసేపు పడుతుందనే ఫిర్యాదు పాత హార్డ్ డిస్కుల నాటిది. ఎస్‌ఎస్‌డీ వేయించుకున్న కంప్యూటర్ మీరు కుర్చీ సర్దుకునేలోగా సిద్ధమవుతుంది.

అన్ని యంత్రాలనూ ఆపమని నేననను. రామగిరిలో భారత్ గోల్డ్ మైన్స్ బంగారు గనులు నడిచినన్నాళ్లూ, ఏ లోతు గనిలోనైనా ఉన్నట్టే, నీళ్లు తోడే పంపులు ఆగడానికి వీలుండేది కాదు. ఆగితే గని మునిగిపోతుంది. 2001లో ఆ సంస్థే మూతపడింది, అది వేరే బాధ. సీసీ కెమెరాల రికార్డర్ ఆగకూడదు. బెంగళూరు ఆఫీసు నుంచి ఇంటి కంప్యూటర్‌లోకి రావాల్సినవాళ్లకు ఆ అవసరం ఉంది. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసేవాళ్లకు ఎప్పుడైనా పెద్ద ఫైలు రాత్రంతా నడవాల్సి రావొచ్చు. అలాంటప్పుడు ఉంచండి, మంచి బ్యాటరీ పెట్టుకుని ఉంచండి. చేతిలో పని ఉండి ఉంచడం వేరు, ఆపితే చెడుతుందని భయపడి ఉంచడం వేరు. నా తగాదా రెండోదానితోనే.

పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ముందు విండోస్‌లో షట్‌డౌన్ నొక్కండి. ఫ్యాను చప్పుడు ఆగేదాకా ఆగండి. తరవాత గోడ స్విచ్ ఆపండి. షట్‌డౌన్ తరవాత కూడా మదర్‌బోర్డుకు కొద్దిగా కరెంటు వెళుతూనే ఉంటుంది, పిడుగు దెబ్బకు ఆ దారి చాలు, అందుకే ఈ చివరి మెట్టు. గోడ స్విచ్ ఆపితే గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ కాస్త ముందుగా అయిపోతుంది, అయినా కొన్నేళ్లు వస్తుంది, దాని ఖరీదు పెద్దది కాదు. ఉరుములు దగ్గరపడకముందే ఇంటర్నెట్ బాక్సు స్విచ్ కూడా ఆపి, వీలైతే ప్లగ్గులు పీకేయండి.

చివరగా షాపుల్లోని తమ్ముళ్లకు ఒక మనవి. ఊళ్లో కంప్యూటర్ గురించి మీ మాటే వేదం. రిపేరుకు వచ్చినవాళ్లతో ఇకమీదట "ఆఫ్ చేయద్దు" అనకండి. షట్‌డౌన్ ఎలా చేయాలో ఒకసారి చేసి చూపించి పంపండి.